పై కామెంట్ చదివాకే మార్చాలి

బోర్డులు తయారుచేసే ఆయన ఫోను చేసేసరికి ఒత్తులమ్మ ఇంకా భుజాన ఉన్న సంచి కూడా దించలేదు. ఫోనెత్తిన మేడం కాసేపు విని, స్పీకర్ బటన్ నొక్కి, రిసీవర్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, 'ఇది నీ శాఖే తల్లీ' అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

"పళ్ళ డాక్టరుగారి బోర్డమ్మా," అంటున్నాడాయన. "'పైకి రండి' అని రెండే రెండు మాటలు. మీ ఎడిటర్లోనే రాసి సేవ్ చేశాను. నేను లేనప్పుడు మా ఆవిడ తెరిస్తే ఏముందీ, అన్నీ గళ్ళూ గీతలే! డాక్టరుగారు ఏదో కొత్త ఫ్యాషన్ కోరారనుకుని, ఆ గళ్ళనే ప్రింటు తీసి పంపేసింది. ఆయన తగిలించేశాడు కూడా."

"అయ్యయ్యో! ఏమన్నారండీ ఆయన?"

"ఏమంటాడు? ఎక్కడో దూరదేశంలో చదివొచ్చిన డాక్టరనుకుని జనం మెట్ల మీద వరస కట్టారట. మార్చొద్దంటున్నాడు. నా బాధ అది కాదమ్మా. ఎల్లుండి పెద్దాసుపత్రి బోర్డులున్నాయి. 'లోపలికి', 'బయటికి' అన్నీ చిన్నచిన్న మాటలే. అక్కడ ఇలాంటి సరదాలు కుదరవు."

చూస్తానని చెప్పి ఒత్తులమ్మ సంచి దించింది. ఆ ఆఫీసులో తొమ్మిదిమంది కలిసి చేసేది ఒక్కటే సరుకు: మామూలు రాత రాసుకునే టెక్స్ట్ ఎడిటర్. ఫైలు తెరిచినప్పుడు అందులోని నంబర్లు ఏ లిపి అక్షరాలో, ఏ పద్ధతిలో దాచారో కనిపెట్టి తెర మీద పరిచే భాగం ఆర్నెల్ల క్రితం ఆమె చేతికొచ్చింది. దాన్నే ఎన్‌కోడింగ్ అంటారు. ఎక్కడైనా ఒక్క ఒత్తు ఊడిపోయి పక్కన పడితే చాలు, అది సరయ్యేదాకా ఆమెకి ముద్ద దిగదు. అందుకే వచ్చిన రెండో వారానికే ఒత్తులమ్మ అయిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

'పైకి రండి' అని రాసి, సేవ్ చేసి, మూసి, తెరిచింది. గళ్ళు. దాని కింద నాలుగు పేజీల రాత అతికించి మళ్ళీ తెరిచింది. అంతా ముత్యాల్లా వచ్చింది. జబ్బు చిన్న ఫైళ్ళకే అన్నమాట. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే పోతే, కోడ్‌లో ఫంక్షన్ అనే ముక్కల్లో ఎవరూ వెళ్ళని ఒకదాని దగ్గర తేలింది.

ఆ ఫంక్షన్ గురించి ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. దాని నెత్తిన, తర్వాత చదివేవాళ్ళ కోసం రాసిపెట్టిన పన్నెండు వరసల కామెంట్ ఒకటి ఉంటుంది. డాలరు గుర్తులు, శాతం గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు, మధ్యమధ్య తోకలు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు. పిల్లి కీబోర్డు మీద పడుకుని లేచినట్టు ఉంటుంది. దాని కింద మాత్రం శుభ్రమైన మన అక్షరాల్లో ఆఫీసు యజమాని పెద్దసారు రాసిన ఒక్క వాక్యం: 'పై కామెంట్ చదివాకే కింది ఫంక్షన్ మార్చాలి.' చదివిన మొనగాడు లేడు, కాబట్టి మార్చినవాడూ లేడు. పదిహేనేళ్ళుగా వచ్చినవాళ్ళంతా దానికో నమస్కారం పెట్టి పక్కనుంచి పోయినవాళ్ళే.

ఒత్తులమ్మ పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ఆ గదికి మూడు వైపులా అద్దాలే. లోపల ఎవరు ఎవర్ని తిట్టినా బయట ఉన్నవాళ్ళందరికీ సినిమా.

"సార్, చిన్న ఫైళ్ళ తప్పు దొరికింది. ఆ ఫంక్షన్ మార్చాలి."

పెద్దసారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "కామెంట్ చదివావా?"

"చదవడానికి అదో భాషైతే కదా సార్."

"అయితే మార్చకు."

"అందులో ఏముందో మీకైనా తెలుసా సార్?"

ఆయన బల్ల మీది పెన్నుని అవసరం లేకుండా ఇటునుంచి అటు జరిపారు. "ముఖ్యమైనదే ఉంటుంది. లేకపోతే అంత ఎందుకు రాస్తాడు?"

"పోనీ, రాసినాయన్నే అడిగితే?"

"రాసినవాడు చచ్చాడు."

తలుపు తీసే ఉంది. బయట ఫోన్ల బల్ల దగ్గర్నుంచి మేడం గొంతు ఖంగుమంది: "మా తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు! మొన్న ఆదివారం మనింట్లోనే రెండుసార్లు వడ్డించుకుని తిని వెళ్ళాడు!"

"నేను ఇంట్లో లేనప్పుడు," అన్నారు పెద్దసారు అద్దంకేసి చూస్తూ.

"మీరు లేరని తెలిసే వచ్చాడు!"

మేడం అంటే పెద్దసారు భార్య. మిగతా కథంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమే విప్పింది. ఎడిటర్ మొదలుపెట్టింది ఇద్దరు: పెద్దసారు, ఆయన బావమరిది గడ్డం సారు. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే కుర్చీలో కూర్చున్నంత స్నేహం. సరుకు తయారయ్యాక నలభైమంది పెద్దమనుషుల్ని పిలిచి, గోడంత తెర మీద చూపించారు. పెద్దసారు కొత్త చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన అక్షరాలు ఎంత అందంగా వస్తాయో చూడండి" అని బటన్ నొక్కారు. గడ్డం సారు పరీక్ష కోసం రాసి పెట్టుకున్న వాక్యం ఒకటి తెర నిండా అడుగు ఎత్తు అక్షరాల్లో వచ్చింది:

మా బావ దున్నపోతు.

"అక్షరాలు మాత్రం చక్కగా వచ్చాయి," అంది మేడం డబ్బా మూత పెడుతూ. "నలభైమందీ నవ్వారు. ఈయన అందరి ముందూ బయటికి పొమ్మన్నారు. వాడు పోయాడు. మర్నాడు ఈయన రాకముందే వచ్చి, కంప్యూటర్లో ఏదో టకటకా కొట్టి, 'రాయాల్సింది రాశానక్కా, చదివి ఏమంటాడో చూస్తా' అని వెళ్ళిపోయాడు. ఆ వారమే పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి తెచ్చారు. వాటితోపాటే ఆ అక్షరాల ఫాంటూ పోయింది. చదవలేకపోయానని ఈయన ఒప్పుకోరు. ఏం రాశావురా అంటే వాడు చెప్పడు. చదివి కూడా పలకలేదని వాడికి ఉక్రోషం. మధ్యలో నేను పోస్టుమాన్ ఉద్యోగం చేసి చేసి, మూడో ఏడు రాజీనామా ఇచ్చేశాను."

ఫాంట్ పోతే అక్షరాలు ఎలా పోతాయో ఒత్తులమ్మకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కాలంలో కంప్యూటర్లో మన అక్షరాలకి సొంత నంబర్లు ఉండేవి కావు. ఇంగ్లీషు అక్షరాలవీ గుర్తులవీ నంబర్లు అరువు తెచ్చుకుని, వాటికి మన అక్షరాల వేషం వేసేవాళ్ళు. ఆ వేషాల పెట్టే ఫాంట్. పెట్టె పోతే నాటకంలో రాజూ రాణీ అంతా మళ్ళీ డాలరు గుర్తులూ శాతం గుర్తులే. ఏ గుర్తు ఏ వేషం కట్టిందో చెప్పేవాళ్ళు ఉండాలి. ఆమె ఆ పూటంతా పాత ఫాంట్ల కోసం వెతికింది. దొరికిన నాలుగూ వేసి చూసింది. నాలుగు రకాల చెత్త వచ్చింది.

సాయంత్రం ఆ పన్నెండు వరసలూ కాగితం మీద ప్రింటు తీసుకుని ఇంటికి తీసుకుపోయింది. బస్సులో చూసింది. మెట్లెక్కుతూ చూసింది. ఇంట్లో భోజనాల బల్ల మీద పడేసి ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది.

అత్తగారు ఆ బల్ల దగ్గరే కూర్చుని చిక్కుడుకాయలకి పీచు తీస్తోంది. ఒక పెద్ద కార్యాలయంలో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసి, ముందు టైప్‌రైటర్లనీ తర్వాత కంప్యూటర్లనీ అరగదీసి రిటైరైన మనిషి. ఒత్తులమ్మ తువ్వాలుతో తిరిగొచ్చేసరికి చిక్కుడుకాయలు ఓ పక్కకి పోయాయి. అత్తగారు కాగితం ముందు నిటారుగా కూర్చుని, పది వేళ్ళూ బల్ల మీద ఆనించి, కళ్ళు కాగితం మీదనుంచి తీయకుండా చప్పుడు లేకుండా కొట్టుకుపోతోంది.

"ఎవడమ్మాయ్ వీడు?" అంది. "ఎడమచేతి చిటికెనవేలు బలహీనంగా ఉంది. దీర్ఘం వచ్చిన ప్రతిచోటా తడబడ్డాడు."

ఒత్తులమ్మ చేతిలో తువ్వాలు జారింది. "అత్తయ్యా! మీకు అర్థమవుతోందా అది?"

"అర్థమవడమేంటి? ఇది టైపే కదా. ఈ డాలరు గుర్తుందే, షిఫ్ట్ పట్టుకుని పైవరసలో కొడితే వస్తుంది. అక్కడ మనకి 'న' వత్తు. కళ్ళతో చూస్తే నాకూ చెత్తే. వేళ్ళకిస్తే అవే చెబుతాయి."

"అయితే చదవండి, చదవండి! రాసుకుంటాను."

"అంత తేలిగ్గానా? ముందు ఆ చిక్కుడుకాయల సంగతి చూడు."

ఒత్తులమ్మ ఒక చేత్తో పీచు తీస్తూ ఇంకో చేత్తో రాసుకుంది. అత్తగారు బల్ల మీద కొడుతూ, రేడియోలో వార్తలు చదివే గొంతుతో పలికింది:

"'ఈ ఫంక్షన్ ఫైల్లో వందకి ఒక్క అక్షరమే చూసి అది ఏ ఎన్‌కోడింగో తేల్చేస్తుంది. రెండు మెతుకులు నొక్కి అన్నం ఉడికిందనడం లాంటిది. పెద్ద ఫైళ్ళకి నడుస్తుంది, చిన్నవాటికి బోల్తా కొడుతుంది. ఫైలంతా చూశాకే తేల్చాలని చెప్పాను. మా బావ తొందరపడ్డాడు. ఇది మొదటి సంగతి.'"

"అంటే తప్పు పదిహేనేళ్ళ కిందటే చెప్పాడన్నమాట!"

"మధ్యలో మాట్లాడకు, వేళ్ళు దారి తప్పుతాయి. 'రెండో సంగతి. దున్నపోతు వాక్యం నేనే పెట్టాను. పరీక్షకి దాన్ని మించిన మాట లేదు. ఒక ఒత్తుంది, ఒక ఓత్వముంది, కొమ్ములు రెండున్నాయి. కొమ్ములు రెండూ సరిగ్గా నిలబడితే మిగతా లిపంతా నిలబడ్డట్టే. ప్రదర్శనకి ముందు తీసేయడం మరిచాను. నలభైమంది ముందు పొమ్మన్నావు, పోయాను. ఇది చదివాక ఫోను చెయ్యి.'"

అక్కడ అత్తగారి వేళ్ళు ఆగాయి. ఆఖరి వరస మీదికి వంగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఆగారేం? ఇంకో వాక్యం ఉందిగా?"

"ఉంది, ఉంది. 'క్షమించు బావా, నవ్వించబోయి నొప్పించాను.' అంతే. అయిపోయింది."

ఒత్తులమ్మ చిక్కుడుకాయ పట్టుకుని అలాగే ఉండిపోయింది. పాపం, పదిహేనేళ్ళు ఆ క్షమాపణ డాలరు గుర్తుల కింద పడి ఉంది!

మర్నాడు ఆమె ఫంక్షన్ని ఫైలంతా చూసేలా మార్చింది. పాత కామెంట్ తీసేసి, దాని చోట అత్తగారు చెప్పిన పాఠాన్ని మన అక్షరాల్లో రాసింది. ఆ ఆఫీసులో ఏ మార్పైనా పెద్దసారు చదివి 'సరే' నొక్కితేనే లోపలికి వెళ్తుంది. పంపే బటన్ మీద వేలు పెట్టి రెండుసార్లు వెనక్కి తీసింది. యజమానికి 'దున్నపోతు' అనే మాట రాతపూర్వకంగా పంపడం అంటే మాటలు కాదు. మూడోసారి కళ్ళు మూసుకుని నొక్కేసింది.

అద్దాల గదిలో పెద్దసారు తెర మీదికి వంగారు. బయట అందరి చేతులూ కీబోర్డుల మీద ఉన్నాయి గానీ ఒక్క కీ చప్పుడు లేదు. ఆయన చదివారు. కుర్చీ వెనక్కి తోసి, మళ్ళీ దగ్గరికి లాక్కుని, మళ్ళీ చదివారు. లేచి బయటికొచ్చి, ఎవరివైపూ చూడకుండా ముఖం కడుక్కుని వచ్చి, తడి ముఖంతోనే మేడం బల్ల ముందు నిలబడ్డారు.

"మీ తమ్ముడి నంబరు అదేనా, మారిందా?"

"ఏ తమ్ముడు?" అంది మేడం. "చచ్చాడన్నారుగా?"

"అబ్బా, ఇవ్వవే!"

మేడం నంబరు రాసిచ్చింది. పెద్దసారు ఆ చీటీ పట్టుకుని గదిలోకి వెళ్ళి, పదిహేనేళ్ళలో మొదటిసారి అద్దాలకి తెర లాగారు. ఐదు నిమిషాల తర్వాత తెర తొలిగింది. బావమరిది మర్నాడు పదింటికి వస్తున్నాడు.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఒత్తులమ్మ అక్కడితో ఆగితే పోయేది. ఆగేరకమైతే ఒత్తులమ్మ అనే పేరే వచ్చేది కాదు. ఇలాంటి పాత రాతలు జనం దగ్గర ఎన్నున్నాయో, అన్నిటినీ మన అక్షరాల్లోకి మార్చే కన్వర్టర్ ఒకటి ఎడిటర్లో పెడితే ఎంత బాగుంటుందో అనిపించింది. అత్తగారికి ఫోను చేసి, ఏ కీకి ఏ అక్షరమో ఒక్కొక్కటీ అడిగి పట్టిక రాసింది. సాయంత్రానికి కన్వర్టర్ తయారైంది. పరీక్షించడానికి చేతిలో ఉన్న పాత రాత ఒక్కటే, ఆ పన్నెండు వరసలు. వేసి చూసింది. అత్తగారు చదివినదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది, ఒక్క ఆఖరి వాక్యం తప్ప. అక్కడ ఇలా ఉంది:

'చెయ్యకపోతే ఆ వాక్యం పరీక్ష కోసం రాసింది కాదని, నిజమేనని అనుకుంటాను.'

ఒత్తులమ్మ పట్టిక మూడుసార్లు సరిచూసింది. పట్టికలో తప్పు లేదు. తప్పు ఇంట్లో ఉంది.

ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, క్షమించమనే మాట అందులో లేదు."

"లేదా?" అంది అత్తగారు దిండు గలీబు విదిలిస్తూ. "ఉండాల్సింది."

"ఉండాల్సిందేంటండీ! పదిహేనేళ్ళ తర్వాత పెద్దసారు ఏడ్చినంత పని చేశారు. రేపు ఇద్దరూ ఎదురుపడతారు. 'నేనెప్పుడు రాశాను' అని ఆ బావమరిది అంటే నా గతేంటి? ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా కాకుండా చూడ్డమే నా ఉద్యోగం. మీరు ఏకంగా వాక్యమే మార్చేశారు!"

"చూడు తల్లీ, ముప్పై ఏళ్ళు టైపు కొట్టాను. ఆఫీసర్లు కోపంలో ఏం చెబితే అది చెప్పినట్టే కొట్టి ఉంటే, ఆ ఆఫీసులో ఒక్కడికి ఉద్యోగం మిగిలేది కాదు. 'వెధవ' అంటే 'మీరు' అని కొట్టేదాన్ని. సంతకం పెట్టేటప్పుడు చదువుకుని, 'నేను ఇలా చెప్పానా?' అనేవారు. 'అవును సార్' అనేదాన్ని. ఒక్కరూ దిద్దమన్లేదు."

"ఇది ఆఫీసు ఉత్తరం కాదు కదండీ."

"కాదు గనకే ఇంకాస్త మర్యాదగా కొట్టాను. ఆ దుప్పటి రెండో కొస పట్టుకో."

ఒత్తులమ్మ పట్టుకుంది. అత్తగారితో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. మామగారు ఉన్నన్నాళ్ళూ ప్రయత్నించి పోయారట.

పొద్దున్నే వెళ్ళి పెద్దసారుకి నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుంది. బస్సులో మాటలు కూడా కూర్చుకుంది. తీరా గదిలోకి వెళ్తే ఆయన జుట్టు కత్తిరించుకుని, ఇస్త్రీ మడతలు కనపడే చొక్కా వేసుకుని, ఎదురు కుర్చీని తన రుమాలుతోనే తుడుస్తున్నారు. "ఏమ్మా, ఏమైనా చెప్పాలా?" అన్నారు. అంత మెత్తటి గొంతు ఆమె అక్కడ ఎన్నడూ వినలేదు. కూర్చుకున్న మాటలన్నీ గళ్ళూ గీతలూ అయిపోయాయి. "ఏం లేదు సార్" అని వచ్చేసింది.

పదింటికి గడ్డం సారు వచ్చాడు. గడ్డం లేదు. బడిలో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతున్నాడట. వాళ్ళు పట్టుకుని లాగుతున్నారని ఏనాడో తీసేశాడట. మేడం అతని చెయ్యి పట్టుకుని, పారిపోతాడేమో అన్నట్టు అద్దాల గదిలోకి నడిపించింది. "నువ్వూ రామ్మా, కోడ్ చూపించాలి," అని పెద్దసారు పిలవడంతో ఒత్తులమ్మ కూడా లాప్‌టాప్ పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా వెళ్ళి మూల నిలబడింది.



"ఆయన్ని కూర్చోమనమ్మా," అన్నారు పెద్దసారు ఒత్తులమ్మతో.

"నిలబడ్డం నాకు అలవాటేనని చెప్పమ్మా," అన్నాడు బావమరిది.

"ఇద్దరికీ నోళ్ళున్నాయి కదా!" అంది మేడం. "ఆ పిల్లనెందుకు నలుపుతారు?"

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, నువ్వు అప్పుడే క్షమించమని రాశావు. ఫాంట్ పోయి నేను చదవలేకపోయాను. చదవలేకపోయానని చెప్పడానికి నామోషీ అడ్డమొచ్చింది. అది నా తప్పు."

బావమరిది ముఖం చిట్లించాడు. "ఎవరు? నేనా? క్షమించమనా?"

పెద్దసారు ముఖంలో రంగు మెల్లగా దిగిపోవడం ఒత్తులమ్మ చూసింది. మేడం తమ్ముడి చెయ్యి వదల్లేదు.

"రాయలేదా?" అన్నారు పెద్దసారు.

"ఏం రాశానో చూడనీ. ఏదీ, చూపించమ్మా."

ఒత్తులమ్మ కొత్త కామెంట్ చూపించింది. అతను చదివి, "ఊఁ. ఇప్పుడు పాతది చూపించు," అన్నాడు. కోడ్‌లో ఏ మార్పు చేసినా పాత ప్రతి ఎక్కడికీ పోదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె దాన్ని తెరిచింది. డాలరు గుర్తులు, శాతం గుర్తులు తెర నిండా పరుచుకున్నాయి.

అతను బల్ల అంచు మీద పది వేళ్ళూ ఆనించాడు. రాసినవాడికి చదవడం రాకుండా పోతుందా? వేళ్ళు కదిలాయి. మొదటి వరస, రెండో వరస, ఒకచోట తనలో తను చిన్నగా నవ్వుకున్నాడు. కొమ్ముల దగ్గర అయ్యుంటుంది. ఆఖరి వరసలో సగం దాకా వెళ్ళి వేళ్ళు ఆగిపోయాయి.

తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి ఒత్తులమ్మవైపు చూశాడు. ఆమె కుర్చీ చక్రాలని ఎప్పుడూ చూడనట్టు చూస్తోంది. అక్కవైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావవైపు చూశాడు. కొత్తగా కత్తిరించిన జుట్టుతో, పెన్ను తలకిందులుగా పట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ కుర్రాడిలా ఉన్నాడు బావ.

"ఉంది బావా," అన్నాడు. "ఇంత చక్కగా రాశానని నాకే గుర్తు లేదు."

"నీకు భాష మొదట్నుంచీ బాగా వచ్చురా," అన్నారు పెద్దసారు. అని, కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడిచారు.

మేడం ఇద్దర్నీ ఒకేసారి తిట్టడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళ బాకీ కదా, కాసేపు పట్టింది. ఆ తిట్ల మధ్యలోనే గడ్డం సారు కూర్చున్నాడు. ఆ తిట్ల మధ్యలోనే పెద్దసారు మంచినీళ్ళ గ్లాసు అతనివైపు జరిపారు.

"అది సరేగానీ," అన్నారు ఉండబట్టలేక, "ఆ కొమ్ముల సంగతి నిజమేనా? పరీక్షకి ఇంకే మాటా దొరకలేదా నీకు?"

"నీ మీద ఒట్టు బావా. ముందు 'గాడిద' పెట్టి చూశాను. దానికి కొమ్మన్నదే లేదు. ఒక్క గుడి ఉంది. పనికి రాలేదు."

అద్దాల బయట ఉన్నవాళ్ళకి మాటలు వినపడలేదు గానీ, పెద్దసారు పగలబడి నవ్వడం కనిపించింది. వాళ్ళలో ఇద్దరు అది చూడ్డానికి లేచి నిలబడ్డారు.

సాయంత్రం గడ్డం సారు వెళ్తూ ఒత్తులమ్మని మెట్ల దగ్గరికి పిలిచాడు.

"ఎవరమ్మా ఆ చేతివాటం? నీదా?"

"మా అత్తయ్యదండీ," అంది ఒత్తులమ్మ. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. చిక్కుడుకాయల దగ్గర్నుంచి దుప్పటి దాకా అంతా చెప్పేసింది. అతను రెయిలింగ్ పట్టుకుని, ఒక మెట్టు దిగి, అక్కడే కూర్చుని నవ్వాడు.

"'నవ్వించబోయి నొప్పించాను'! నా జన్మలో నేను అలా రాయలేను. చదవగానే తెలిసిపోయింది."

"మరి ఎందుకండీ ఒప్పుకున్నారు?"

"మా బావ ముఖం చూశావుగా? ఆ ముఖం మీద నిజం చెప్పడానికి నేనేమైనా కంప్యూటర్నా?" అని లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఆ కన్వర్టర్ మంచి పనమ్మా. ఎడిటర్లో పెట్టు."

"పెడితే పెద్దసారు కూడా వాడతారండీ. పాత ప్రతి దానిలో వేసి చూశారంటే..."

"చూడనీ. ఆలోగా మేము ఇంకో నాలుగు కొత్త గొడవలు పెట్టుకుంటాం. ఇది ఎవరికి గుర్తుంటుంది?"

అతని మాట తప్పు కాలేదు. బడి లేని రోజుల్లో ఆఫీసుకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చిన మొదటి రోజే బావా బావమరదులు ఫైలు ఆఖర్న ఖాళీ వరస ఉండాలా అక్కర్లేదా అని రెండు గంటలు కొట్టుకున్నారు. ఒత్తులమ్మ కన్వర్టర్‌కి మిగిలిన చిల్లర పనులన్నీ పూర్తిచేసి, వారం తర్వాత ఆమోదం కోసం పెద్దసారుకి పంపింది. పట్టికని దేనిమీద పరీక్షించిందో చెప్పాలి గనక, పాత కామెంట్ పన్నెండు వరసలూ జత చెయ్యక తప్పింది కాదు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నం దాకా జవాబు లేదు. పెద్దసారు గదిలో బావమరిది పక్కనే కూర్చుని ఏదో వాదిస్తున్నాడు. ఆయన తల ఊపుతూ తెర మీద ఏదో చదువుతున్నారు. ఒకచోట తల ఊపడం ఆగింది. పక్కకి తిరిగి బావమరిదిని కాసేపు చూశారు. బావమరిది తన ధోరణిలో తను చేతులు తిప్పుతూ మాట్లాడుతూనే ఉన్నాడు.

రెండు నిమిషాల్లో ఒత్తులమ్మ తెర మీదికి ఆమోదం వచ్చింది. కింద పెద్దసారు రాసిన ఒక్క వాక్యం ఉంది:

'కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోంది. ఫంక్షన్ మీది కామెంట్‌లో ఆఖరి వాక్యం పాతదానితో సరిపోవడం లేదు. దాన్ని ఎవరూ దిద్దవద్దు.'

ఒత్తులమ్మ అది రెండుసార్లు చదువుకుని, మూసేసి, మిగిలిన పని చూసుకుంది. ఇంటికెళ్ళాక అత్తగారు ఆఫీసు విశేషాలేమిటని అడిగితే, ఏమీ లేవని చెప్పింది. చెబితే ఇక ఆవిడని పట్టలేం.